రీనేమింగ్ ప్రాబ్లమ్: ఆరుగురికి 11 పేర్లు కావాలా, 10 చాలా?

మీరు అడిగినదాంట్లో మూడు ప్రశ్నలున్నాయి. మొదటిది: ఎన్ ప్రాసెస్‌లు (నడుస్తున్న ప్రోగ్రాములు) ఉంటే ఎన్ కొత్త పేర్లు సరిపోవాలి కదా, షేర్డ్ మెమరీ రీనేమింగ్‌లో, అంటే ఉమ్మడి మెమరీ ద్వారా ప్రాసెస్‌లు తమ పెద్ద ఐడీల బదులు చిన్న పేర్లు తీసుకునే సమస్యలో, 2ఎన్−1 పేర్లు ఎందుకు అడుగుతున్నారు? రెండోది: కాలేజీ నోట్స్‌లో "2ఎన్−1 కంటే తగ్గించలేం" అని ఉంది, ఇంకోచోట "ఆరు ప్రాసెస్‌లకి 10 పేర్లు చాలు" అని కనిపించింది, ఏది నమ్మాలి? మూడోది: నా ల్యాప్‌టాప్‌లో ఒక్క ఫెచ్-అండ్-యాడ్ (కౌంటర్‌ని చదివి, పెంచడాన్ని ఒకే అడుగులో చేసే ఇన్‌స్ట్రక్షన్) వాడితే అందరికీ వరస నంబర్లు వచ్చేస్తాయి, మరి ఇంత తతంగం దేనికి? విజయవాడలో ఎం.టెక్ చేస్తున్నానని, సెమినార్ దగ్గర పడిందని కూడా రాశారు. టెన్షన్ పడకండి. నేను గుంటూరులో ఈ పాఠం చెప్పేవాడిని. ఈ మూడూ దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు.

రెండోదానికి జవాబు ముందే చెప్పేస్తాను. మీ నోట్స్ పాతబడ్డాయి. ఆరు ప్రాసెస్‌లకి 10 పేర్లు చాలు. కానీ ఏడు ప్రాసెస్‌లకి 12 చాలవు, 13 కావాల్సిందే. ఎనిమిదికి 15, తొమ్మిదికి 17. పదికి మాత్రం మళ్లీ 18తో సరిపోతుంది. చూడ్డానికి చిత్రంగా ఉంటుంది. దీని వెనక ఉన్నది ప్రధాన సంఖ్యల లెక్క. ఆ లెక్క దాకా వెళ్లాలంటే ముందు సమస్యను సరిగ్గా పెట్టుకోవాలి. చాలామంది పప్పులో కాలేసేది అక్కడే.

ప్రతి ప్రాసెస్‌కీ ముందే ఒక పెద్ద ఐడీ ఉంటుంది, ఏ 12 అంకెలదో అనుకోండి. ఏ ఇద్దరి ఐడీలూ ఒకటి కావు. ఇప్పుడు వీళ్లంతా 1 నుంచి మొదలయ్యే చిన్న పేర్లు, ఏ ఇద్దరికీ ఒకటే రాకుండా, తీసుకోవాలి. మధ్యలో పంచిపెట్టే పెద్దమనిషి లేడు. ఉన్నది షేర్డ్ మెమరీలో తలా ఒక గడి. ఎవరి గడిలో వాళ్లే రాస్తారు, అందరి గడులూ అందరూ చదవొచ్చు. వేగాలకి హామీ లేదు: ఒకడు వెయ్యి అడుగులు వేసేలోపు ఇంకొకడు ఒక్కటి కూడా వేయకపోవచ్చు. ఎవరైనా మధ్యలో ఆగిపోవచ్చు, ఇక ఎప్పటికీ రాకపోవచ్చు. మిగతావాళ్లు మాత్రం అతని కోసం ఎదురుచూడకుండా తమ పని పూర్తి చేసుకోవాలి. వెయిట్-ఫ్రీ అంటే ఇదే.

ఇంకో షరతు ఉంది, దీన్నే నోట్స్‌లో మింగేస్తారు. "నా గడి నంబరు 3, కాబట్టి నా పేరు 3" అనడం కుదరదు. గడి నంబరు మెమరీలో చోటు వెతుక్కోవడానికే, పేరు తేల్చడానికి వాడకూడదు. ఐడీలను కూడా ఏది పెద్ద, ఏది చిన్న అని పోల్చడానికే వాడాలి. ఈ షరతు తీసేస్తే అసలు సమస్యే ఉండదు, ఎవరి గడి నంబరు వాళ్ల పేరైపోతుంది. సెమినార్‌లో ఈ మాట మీరే ముందు చెప్పేయండి. లేకపోతే ముందు వరసలోంచి మొదట వచ్చే ప్రశ్న అదే.

సరే, అందరికీ తట్టే మొదటి ఆలోచన: నా ఐడీ రాస్తాను, అందరి గడులూ చూస్తాను, కనిపించిన ఐడీలలో నాది ఎన్నోదో అదే నా పేరు. ఇది ఎందుకు కూలుతుందో చూడండి. 9038 ఐడీ ఉన్నవాడు ముందు వచ్చాడు. ఎవరూ లేరు, తనదే మొదటి స్థానం, 1 తీసుకుని వెళ్లిపోయాడు. తర్వాత 4471 వచ్చాడు. గడుల్లో ఇద్దరు కనిపించారు, తన ఐడీ చిన్నది, తనది మొదటి స్థానం, 1 తీసుకున్నాడు. ఇద్దరికీ 1. అందుకే స్థానం ఒక్కటే చాలదు, ఎంచుకున్న పేరును కూడా గడిలో రాసి, దానికి ఎవరైనా పోటీ ఉన్నారేమో చూసుకోవాలి.

1990లో హగిత్ అత్తియా, అమోత్స్ బార్-నోయ్, డానీ డోలెవ్, డేవిడ్ పెలెగ్, రూడిగర్ రైషుక్ ప్రచురించిన అల్గారిథమ్ చేసేది ఇదే. వాళ్లు దాన్ని మెసేజ్ పాసింగ్‌కి (ఉమ్మడి మెమరీ లేకుండా, ఒకరికొకరు సందేశాలు పంపుకునే పద్ధతికి) రాశారు, తర్వాత షేర్డ్ మెమరీకి మారింది. షేర్డ్ మెమరీ రూపం ఇలా ఉంటుంది. నేను నా ఐడీ, నేను కోరుకునే పేరు, రెండూ కలిపి నా గడిలో రాస్తాను. మొదట కోరుకునేది 1. తర్వాత అన్ని గడులనూ ఒక్కసారిగా ఫొటో తీసినట్టు చదువుతాను. ఇదే స్నాప్‌షాట్. నేను కోరుకున్న పేరు ఇంకెవరి గడిలోనూ లేకపోతే అదే నా పేరు, పని అయిపోయింది. ఉంటే, కనిపించిన ఐడీలలో నాది ఎన్నో స్థానమో చూసుకుంటాను. ఇతరులు కోరుకున్న పేర్లన్నీ పక్కన పెట్టి, మిగిలిన ఖాళీ పేర్లలో అన్నోదాన్ని కొత్తగా కోరుకుని మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాను.

స్నాప్‌షాట్ అనేది ఇక్కడ దొడ్డిదారి కాదు. మామూలు చదవడం, రాయడంతోనే వెయిట్-ఫ్రీగా దాన్ని కట్టొచ్చని అఫెక్, అత్తియా, డోలెవ్, గఫ్నీ, మెరిట్, షావిట్ 1993లో జర్నల్ పేపర్‌గా చూపించారు. కాబట్టి దాన్ని తెచ్చి వాడుకోవచ్చు.

పై ఇద్దరితోనే నడిపి చూద్దాం. 4471, 9038 ఒకేసారి మొదలుపెట్టారు, ఇద్దరూ 1 అని రాశారు, ఇద్దరూ స్నాప్‌షాట్ తీసుకున్నారు. ఇద్దరికీ పోటీ కనిపించింది. 4471ది మొదటి స్థానం; అవతలివాడి 1 తీసేస్తే ఖాళీగా ఉన్నవి 2, 3, 4 అలా; వాటిలో మొదటిది 2. 9038ది రెండో స్థానం, ఖాళీలు అవే 2, 3, 4, రెండోది 3. ఇద్దరూ రాసి, మళ్లీ చూసి, పోటీ లేదని తేల్చుకుని 2, 3 తీసుకుని వెళ్లిపోతారు. 1 ఎవరికీ రాలేదు, ఖాళీగా పడి ఉంది! క్లాసులో ఇక్కడ ఎవరో ఒకరు చెయ్యి ఎత్తి "సార్, 1 వేస్ట్ అయిపోయింది కదా" అంటారు. అయింది. ఇద్దరిలో ఒకరు 1ని వదులుకోవచ్చు, కానీ ఎవరు వదులుకున్నారో, ఎవరు మధ్యలో నిద్రపోయారో రెండోవాడికి తెలిసే దారి లేదు. నెమ్మదిగా ఉన్నవాడికీ ఆగిపోయినవాడికీ తేడా చెప్పలేకపోవడం వల్ల కట్టాల్సిన మూల్యమే ఆ అదనపు పేరు.

ఇద్దరికి ఒకటే పేరు ఎందుకు రాదో రెండు వాక్యాల్లో చెప్పొచ్చు. ఇద్దరూ ఒకే పేరుతో బయటికి వచ్చారనుకోండి. ఇద్దరిలో ఆ పేరును ఆఖరున రాసినవాడు ఆ తర్వాత స్నాప్‌షాట్ తీసుకున్నాడు, అప్పటికే రెండోవాడి గడిలో అదే పేరు ఉంది. పోటీ కనిపించి ఉండాలి, కాబట్టి బయటికి వచ్చి ఉండడు. ఇక పేర్ల సంఖ్య: ఇతరులు ఎక్కువలో ఎక్కువ ఎన్−1 మంది, వాళ్లు ఎక్కువలో ఎక్కువ ఎన్−1 పేర్లు ఆక్రమించగలరు; నా స్థానం ఎక్కువలో ఎక్కువ ఎన్; ఖాళీలలో ఎన్నోది అంటే 2ఎన్−1 దాటదు. ఇంకా మంచి సంగతి, వచ్చింది పి మంది మాత్రమే అయితే పేరు 2పి−1 దాటదు. దీన్ని అడాప్టివ్ అంటారు, కింద అవసరం పడుతుంది. పని పూర్తవడం గురించి: పేరు తేలక తిరుగుతున్నవాళ్లలో అందరికంటే చిన్న ఐడీ ఉన్నవాణ్ని పట్టుకోండి. ఆగిపోయినవాళ్లు ఆక్రమించినవి మారవు కాబట్టి, చివరికి అతను ఎంచుకునే ఖాళీ జోలికి మిగతావాళ్లు రారు. వాళ్ల స్థానాలు పెద్దవి, వాళ్లు ఇంకా ముందుకు లెక్కపెట్టుకుంటూ వెళ్లాల్సిందే.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. ఇద్దరికి రెండు పేర్లతో ఎందుకు కాదు? దీన్ని కాగితం మీద గీసుకుంటేనే ఒంటబడుతుంది. 9038, 4471 తలా ఒకసారి రాసి, ఒకసారి చూస్తారు అనుకుందాం. ఒక్కొక్కరికీ రెండే రకాల చూపులు: తను ఒక్కడే కనిపించడం, లేదా ఇద్దరూ కనిపించడం. మొత్తం నాలుగు. ఏ రెండు చూపులు ఒకే పరుగులో (అల్గారిథమ్‌ని ఒకసారి నడిపినప్పుడు) కలిసి రాగలవో వాటి మధ్య గీత గీయండి. 9038 ఒంటరిగా చూసి వెళ్లిపోయి, తర్వాత 4471 వస్తే, అతనికి ఇద్దరూ కనిపిస్తారు: ఒక గీత. ఇద్దరూ రాసేశాక ఇద్దరూ చూస్తే, ఇద్దరికీ ఇద్దరూ కనిపిస్తారు: రెండో గీత. 4471 ఒంటరిగా చూసి, తర్వాత 9038 వస్తే మూడో గీత. ఒంటరి 9038, ఇద్దర్నీ చూసిన 4471, ఇద్దర్నీ చూసిన 9038, ఒంటరి 4471. నాలుగు చుక్కలు, మూడు గీతలు, ఒకే తాడు.

గీత రెండు కొసలకీ వేరు వేరు పేర్లు రావాలి, ఎందుకంటే అవి ఒకే పరుగులో ఉండగలవు. పేర్లు రెండే ఉంటే అవి మారి మారి వస్తాయి: 1, 2, 1, 2. అంటే ఒంటరి 9038కి 1, ఒంటరి 4471కి 2. కానీ ఒంటరిగా నడిచినవాడికి పోల్చుకోవడానికి ఇంకెవరూ లేరు, గడి నంబరు వాడకూడదు, ఐడీ విలువ వాడకూడదు. కాబట్టి ఒంటరిగా ఎవరు నడిచినా ఒకే పేరు రావాలి. 1 ఒక కొసన, 2 ఇంకో కొసన కుదరదు. ఎక్కువసార్లు రాసి చదివితే బాగుపడుతుందేమో అనుకుంటారు. ఒక్కో రౌండుకి ప్రతి గీతా మూడు ముక్కలవుతుంది: 3, 9, 27, అన్నీ బేసి సంఖ్యలే. బేసి గీతల తాడు మీద రెండు రంగులు మారి మారి వేస్తే కొసలు ఎప్పుడూ వేరుగానే తేలతాయి. మూడో పేరు ఒప్పుకుంటే 1, 2, 3, 1 అని తేలిగ్గా సరిపోతుంది. పైన మనం నడిపిన పరుగులో 4471కి 2, 9038కి 3 వచ్చాయి చూడండి, అవి ఈ తాడు మధ్య గీతే. సెమినార్‌లో మీరు బోర్డు మీద ఇదొక్కటి గీసినా సగం సమస్య అందరికీ అర్థమైపోతుంది.

ముగ్గురైతే తాడు బదులు త్రికోణాలుగా ముక్కలైన ఒక త్రికోణం, నలుగురైతే ఇంకో మెట్టు పైది. ఇక్కడే టోపాలజీ (ఆకారాల అతుకులను చదివే గణితం) వచ్చి చేరింది. మారిస్ హెర్లిహీ, నిర్ షావిట్ 1993లో ఈ పద్ధతి తెచ్చారు, 1999లో పూర్తి పేపర్ వచ్చింది, 2004లో దానికి గోడెల్ ప్రైజ్ (థియరిటికల్ కంప్యూటర్ సైన్స్‌లో పెద్ద బహుమతి) కూడా వచ్చింది. ఆ పద్ధతి గట్టిది, ఇప్పటికీ దాని మీదే నడుస్తున్నాం. కానీ రీనేమింగ్‌కి 2ఎన్−1 కంటే తగ్గదు, ఎన్ ఎంతైనా సరే, అని అందులో వచ్చిన ఫలితం మాత్రం అన్ని ఎన్‌లకీ నిలవలేదు. 2008లో అర్మాండో కాస్టానియెడా, సెర్జియో రాజ్స్‌బామ్ ఆ సంగతి బయటపెట్టారు. వాళ్ల పూర్తి పేపర్లు 2010లో ఒకటి, 2012లో ఒకటి వచ్చాయి. ఒక ప్రసిద్ధ ఫలితం 15 ఏళ్లు అలాగే చెలామణి అయింది. పెద్ద పెద్దవాళ్లే గమనించలేదు కాబట్టి నోట్స్ రాసిన సారును తప్పు పట్టే పని లేదు. 2008 తర్వాత కూడా మార్చకపోవడం మాత్రం బద్ధకమే.

ఆ ప్రధాన సంఖ్యల లెక్క ఎక్కడ నుంచి వస్తుందో చెబుతాను. ముందు 2ఎన్−2 పేర్ల సమస్యను చిన్నదిగా మారుస్తారు. ఒక్కొక్కరూ 0 లేదా 1 అని చెప్పాలి. మొత్తం ఎన్ మందీ పాల్గొన్నప్పుడు అందరూ ఒకే బిట్ చెప్పకూడదు, అంతే. దీన్ని వీక్ సిమెట్రీ బ్రేకింగ్ అంటారు. 2ఎన్−2 పేర్లు ఇవ్వగలిగితే ఇది సులువు: పేరు ఎన్−1 లోపు ఉంటే 0, పైన ఉంటే 1. కింద సగంలో ఎన్−1 పేర్లే, పై సగంలో ఎన్−1 పేర్లే, ఎన్ మంది ఒక్క సగంలోనే ఇరకలేరు. తిరగేసి కూడా పని చేస్తుంది: 0 వచ్చినవాళ్లు పైన చెప్పిన అడాప్టివ్ అల్గారిథమ్‌తో 1 నుంచి పైకి, 1 వచ్చినవాళ్లు అదే అల్గారిథమ్‌తో 2ఎన్−2 నుంచి కిందికి. అక్కడ పి మంది, ఇక్కడ మిగతావాళ్లు. లెక్క వేస్తే రెండు గుంపులూ ఎక్కడా గుద్దుకోవు. ఒకసారి మీరే వేసి చూసుకోండి, రెండు లైన్లే. అంటే ఈ రెండు సమస్యలూ ఒకటే.

ఇప్పుడు అందరూ ఒకే బిట్ చెప్పిన పరుగులను లెక్కపెట్టాలి, కొన్నింటిని ప్లస్‌తో, కొన్నింటిని మైనస్‌తో. ఏది ప్లస్, ఏది మైనస్ అన్నది త్రికోణం తిరిగి ఉన్న దిశను బట్టి. ఆ మొత్తం సున్నా కాగలిగితేనే అల్గారిథమ్‌కి ఆశ. సిమెట్రీ షరతు (గడి నంబరు వాడకూడదు, ఐడీలను పోల్చడానికే వాడాలి అని పైన చెప్పిందే) ఇక్కడ కాటేస్తుంది: ఇద్దరు మాత్రమే పాల్గొన్న పరుగుల్లో ఏ రకం నమూనా ఉన్నా, అది ప్రతి ఇద్దరి జట్టుకీ అలాగే ఉండాలి. కాబట్టి దాని ప్రభావం మొత్తంలోకి విడిగా రాదు, జట్ల సంఖ్యతో గుణించుకునే వస్తుంది. మొత్తం 1 దగ్గర మొదలవుతుంది. దానికి ఒంటరి పరుగుల వల్ల ఎన్ గుణిజం ఒకటి, జంటల వల్ల ఎన్‌లో ఇద్దరిని ఎంచుకునే సంఖ్య గుణిజం ఒకటి, ముగ్గురి వల్ల ఇంకొకటి, ఇలా కలుస్తాయి.

ఏడుగురికి చూడండి. ఒకరిని ఎంచుకునే విధాలు 7, ఇద్దరిని 21, ముగ్గురిని 35. అన్నీ 7 గుణిజాలే. 1కి 7 గుణిజాలు ఎన్ని కలిపినా తీసినా సున్నా రాదు. కాబట్టి 12 పేర్లతో ఏడుగురికి అసాధ్యం. నలుగురికి 4, 6, 4, అన్నీ సరి సంఖ్యలు, 1కి కలిపితే బేసే, అసాధ్యం. ఎనిమిదికి అన్నీ సరి, తొమ్మిదికి అన్నీ 3 గుణిజాలు. ఎన్ ఒక ప్రధాన సంఖ్య గానీ, ఒకే ప్రధాన సంఖ్య ఘాతం గానీ అయితే ఎప్పుడూ ఇంతే. ఆరుగురికి వద్దాం: 6, 15, 20. ఈ మూడింటికీ కలిపి ఉమ్మడి భాజకం 1 తప్ప లేదు. 1 − 6 − 15 + 20 = 0. కుదిరిపోయింది! పాత లోయర్ బౌండ్‌కి (2ఎన్−1 కంటే తగ్గదు అన్న హద్దుకి) అడ్డు తగిలింది ఈ ఒక్క లైనే. లెక్క కుదిరినంత మాత్రాన అల్గారిథమ్ దానంతట అది పుట్టదు. ప్లస్, మైనస్ పరుగులను జతలు జతలుగా రద్దు చేస్తూ సున్నాకి తేవచ్చని కూడా కాస్టానియెడా, రాజ్స్‌బామ్ నిరూపించారు, కష్టమైన భాగం అదే. సెమినార్‌లో దాని జోలికి వెళ్లకండి, గంట సరిపోదు. 6కి, 7కి ఉన్న తేడా చూపించి ఆపేయండి.

ఇంత చెప్పాక, 2ఎన్−1 అల్గారిథమ్‌ని ఎవరైనా కోడ్‌లో పెడతారా అంటే, నేనైతే పెట్టను. స్నాప్‌షాట్ ఖరీదైనది, పోటీ ఉంటే మళ్లీ మళ్లీ తిరగాలి. రీడ్, రైట్ మాత్రమే ఉంటే నాకు నచ్చేది మార్క్ మోయిర్, జేమ్స్ ఆండర్సన్‌ల స్ప్లిట్టర్ గ్రిడ్. దీన్ని చెప్పడానికి గుంటూరు బ్రాడీపేట కంటే మంచి బొమ్మ దొరకదు. మీరు విజయవాడ కాబట్టి ఎప్పుడో ఒకసారి కోచింగ్ కోసమో, ఫ్రెండ్ రూమ్ కోసమో అక్కడ తిరిగే ఉంటారు. అడ్రస్ "4/14" అంటారు: నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. లైన్లు ఒక వైపు, అడ్డరోడ్లు ఇంకో వైపు. ప్రతి కూడలికీ రెండు అంకెలే చిరునామా. స్ప్లిట్టర్ గ్రిడ్ కూడా అచ్చం అంతే. అందరూ 1/1 కూడలిలో దిగుతారు. ప్రతి కూడలిలోనూ ఒక నియమం: అక్కడ ఆగిపో, లేదా ఇదే లైన్లో కుడికి పక్క కూడలికి వెళ్లు, లేదా కింద లైనుకి వెళ్లు. ఆగిన కూడలి నంబరే నీ పేరు.

కూడలిలో ఉండేవి రెండే వేరియబుల్స్. ఒకటి ఎక్స్, దాంట్లో ఐడీ రాస్తారు. ఇంకోటి వై, మొదట ఫాల్స్. వచ్చినవాడు ఎక్స్‌లో తన ఐడీ రాస్తాడు. వై చూస్తాడు, ట్రూ అయితే కుడికి వెళ్లిపోతాడు. కాకపోతే వై ని ట్రూ చేస్తాడు. మళ్లీ ఎక్స్ చూస్తాడు. ఇంకా తన ఐడీయే ఉంటే ఆగిపోతాడు, లేకపోతే కిందికి వెళతాడు. నాలుగు ఆపరేషన్లు. ఈ కిటుకు 1987లో లెస్లీ లాంపోర్ట్ రాసిన ఫాస్ట్ మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్ (ఒకసారికి ఒక్కరినే లోపలికి వదిలే పద్ధతి) లోపలిది. 1990ల్లో మోయిర్, ఆండర్సన్ దాన్ని గ్రిడ్‌గా పరిచారు.

ఒంటరిగా వచ్చినవాడు వెంటనే ఆగుతాడు. ఒక కూడలిలో ఇద్దరు ఆగలేరు: ఇద్దరూ ఆగారనుకుని, వాళ్లలో ఎక్స్ ముందు రాసినవాణ్ని చూడండి. అతను రెండోసారి ఎక్స్ చూసినప్పుడు తన ఐడీయే ఉంది, అంటే రెండోవాడు అప్పటికి ఎక్స్ రాయలేదు. కానీ అప్పటికే వై ట్రూ అయిపోయింది. రెండోవాడు ఎక్స్ రాసి వై చూస్తే ట్రూ, కుడికి పోవాల్సిందే. అందరూ కుడికీ పోలేరు, మొట్టమొదట వై చూసినవాడికి ఫాల్స్ కనిపించింది కాబట్టి. అందరూ కిందికీ పోలేరు, ఎక్స్ ఆఖరున రాసినవాడు ఆగుతాడు, లేదంటే కుడికి పోతాడు, కిందికి మాత్రం రాడు. కాబట్టి ప్రతి అడుగులోనూ గుంపు కనీసం ఒకరు తగ్గుతుంది. కె మంది వస్తే ఎవరూ కె−1 కంటే ఎక్కువ అడుగులు వేయరు, వాడే కూడళ్లు కె(కె+1)/2 లోపే. ముగ్గురికి ఆరు పేర్లు, పది మందికి 55. 2కె−1 ప్రకారం అయితే పది మందికి 19 చాలు. పేర్లు ఎక్కువ పోతాయి, కానీ కోడ్ 10 లైన్లు. స్నాప్‌షాట్‌తో తంటాలు పడే బదులు ఈ బేరం నాకు ఇష్టం.

దీన్ని సీ++ లో రాస్తే ఒక్క జాగ్రత్త. ఎక్స్ రాసి, వెంటనే వై చదువుతున్నాం. వై రాసి, వెంటనే ఎక్స్ చదువుతున్నాం. మామూలు ఎక్స్86 ప్రాసెసర్‌లో కూడా రాసిన విలువ స్టోర్ బఫర్‌లో (మెమరీకి చేరేముందు రాతలు ఆగే చోట) ఆగి ఉండగానే తర్వాతి చదవడం జరిగిపోవచ్చు. అప్పుడు ఇద్దరికీ వై ఫాల్స్ కనిపిస్తుంది. ఎవరి స్టోర్ బఫర్‌లోని ఐడీ వాళ్లకే తిరిగి కనిపిస్తుంది. ఇద్దరూ ఒకే కూడలిలో ఆగిపోతారు. పైన రాసిన నిరూపణ గాలికి పోతుంది. అటామిక్‌ని డీఫాల్ట్ సీక్వెన్షియల్ కన్సిస్టెన్సీతోనే (అన్ని రాతలూ చదవడాలూ ఒకే వరసలో జరిగినట్టు కనిపించే పద్ధతి) వదిలేయండి, వేగం కోసమని ఆ వరసకి హామీ లేని రిలాక్స్డ్ పెట్టకండి. జావాలో అయితే రెండు ఫీల్డులూ వొలటైల్ ఉండాలి.

ఇక ఫెచ్-అండ్-యాడ్. మీరు అన్నది నిజమే. ఒక కౌంటర్, ఒక్క ఇన్‌స్ట్రక్షన్, ఎన్ మందికి ఎన్ పేర్లు, వృథా లేదు. అది రీడ్, రైట్ కంటే బలమైనది కాబట్టే వీలవుతోంది. 1991లో హెర్లిహీ ఈ బలాలకు ఒక కొలత ఇచ్చారు: రీడ్-రైట్ రిజిస్టర్ల కన్సెన్సస్ నంబర్ (దాంతో ఎంతమందిని వెయిట్-ఫ్రీగా ఒకే మాట మీదికి తేవచ్చో ఆ సంఖ్య) 1, ఫెచ్-అండ్-యాడ్‌ది 2. ఈ మొత్తం సిద్ధాంతం తేల్చే సంగతి "రీడ్, రైట్ మాత్రమే ఉంటే ఎంత దూరం వెళ్లగలం" అన్నది. దాని విలువ చరిత్రలో చూడాలి. 1985లో ఫిషర్, లించ్, ప్యాటర్సన్ కన్సెన్సస్ అసాధ్యమని తేల్చాక, ఎవరో ఒకరు ఆగిపోయే అవకాశమున్న అసింక్రనస్ (వేగాలకి హామీ లేని) సిస్టమ్‌లో పనికొచ్చేది ఏదైనా చేయగలమా అన్న అనుమానం మిగిలింది. చేయగలం అని చూపించిన మొదటి సమస్యల్లో రీనేమింగ్ ఒకటి.

ఫెచ్-అండ్-యాడ్‌తో అసలు తలనొప్పి వేరే చోట వస్తుంది: పేర్లు వెనక్కి ఇవ్వాలంటే. థ్రెడ్‌లు పుడుతూ చస్తూ ఉంటే కౌంటర్ పెరుగుతూనే పోతుంది. చిన్న పేర్లు కావాలన్న మొదటి కోరికే నీరుగారిపోతుంది. దానికి టెస్ట్-అండ్-సెట్ ఫ్లాగుల (మొదట పట్టుకున్న ఒక్కరే గెలిచే జెండాల) వరస మేలు. మొదటి ఫ్లాగ్ నుంచి వరసగా పట్టుకునే ప్రయత్నం చేయండి, దొరికినదే పేరు, పని అయ్యాక క్లియర్ చేయండి. ఒక్కసారి మాత్రమే తీసుకునే పద్ధతిలో, పి మంది వస్తే పేరు పి దాటదు: నేను ఓడిపోయిన ప్రతి ఫ్లాగ్‌నీ వేరే వేరే మనిషి గెలిచి ఉంటాడు కదా. యాదృచ్ఛికత కూడా కలిపితే ఇంకా వేగంగా చేయొచ్చు. డాన్ అలిస్టార్, ఆయన సహచరులు 2011లో సార్టింగ్ నెట్‌వర్క్‌లోని ప్రతి కంపారేటర్ (రెండు విలువలను పోల్చి వరసపెట్టే ముక్క) స్థానంలో ఇద్దరి టెస్ట్-అండ్-సెట్ పెట్టి, లాగరిథమిక్ అడుగుల్లో పక్కా పేర్లు వచ్చేలా చేశారు. చదవడానికి చాలా అందమైన పేపర్.

వాడుకలో ఎక్కడుంది అంటారా? మీరు ఫైల్ తెరిచిన ప్రతిసారీ ఉంది. పోసిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణం) ప్రకారం ఓపెన్ ఇవ్వాల్సింది ఆ ప్రాసెస్‌లో వాడుకలో లేని అతి చిన్న డిస్క్రిప్టర్ నంబరే, అంటే తెరిచిన ఫైల్‌కి ఇచ్చే గుర్తు. మూసేసిన నంబర్ మళ్లీ వాడుకలోకి వస్తుంది. ఇది పేర్లు తిరిగి ఇచ్చే రీనేమింగే, కాకపోతే కెర్నల్ దాన్ని లాక్ పెట్టుకుని చేస్తుంది. 2023లో లినక్స్ 6.3లో థ్రెడ్‌లకి చిన్న కన్‌కరెన్సీ ఐడీలు కూడా వచ్చాయి. వందల థ్రెడ్‌లున్నా, ఒక్క క్షణంలో నడిచేవి కోర్లకి మించి ఉండవు కాబట్టి, ఐడీలు కూడా ఆ హద్దులోనే ఉంచుతారు. మెమరీ అలొకేటర్లు తమ విడి విడి జాగాల టేబుల్‌ని థ్రెడ్ ఐడీతో కాకుండా ఇలాంటి చిన్న నంబరుతో సూచిస్తే టేబుల్ చిన్నదిగా ఉంటుంది. హజార్డ్ పాయింటర్లకి ("ఈ మెమరీని నేను వాడుతున్నాను, విడుదల చేయొద్దు" అని థ్రెడ్ పెట్టే గుర్తులకి) ప్రతి థ్రెడ్‌కీ ఒక గడి కేటాయించేటప్పుడు వచ్చే సమస్యా ఇదే.

మీ ప్రాజెక్టుకి నా సలహా: ఫ్లాగుల వరసతో మొదలుపెట్టండి, ప్రతి ఫ్లాగ్‌నీ వేరే క్యాష్ లైన్‌లో (ప్రాసెసర్ ఒక్కసారిగా తెచ్చుకునే మెమరీ ముక్కలో) పెట్టండి, వెతకడం ఎప్పుడూ 1 నుంచే మొదలుపెట్టకుండా కాస్త అటూ ఇటూ మొదలుపెట్టండి (పేర్లు కొంచెం పెద్దవి వచ్చినా ఫర్వాలేదు అనుకుంటేనే). దాని పక్కనే స్ప్లిట్టర్ గ్రిడ్ కూడా రాసి, 8 థ్రెడ్‌లతో రెండింటినీ లక్షల సార్లు తిప్పండి. ఒకసారి కావాలనే స్ప్లిట్టర్‌లో రిలాక్స్డ్ పెట్టి తిప్పండి. మీ మెషిన్ మీద రెండు థ్రెడ్‌లకి ఒకే పేరు వచ్చిన పరుగు ఒకటి పట్టుకోగలిగితే, ఆ లాగ్‌ని సెమినార్‌లో తాడు బొమ్మ తర్వాతి స్లైడ్‌గా పెట్టండి.